వెబ్ ఆప్షన్లకు ముందు కాలేజీలు తిరిగి చూడాలా, టైం దండగా?

నల్లగొండ నాన్న:
మా బిడ్డకు ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌లో ముప్పై వేలు దాటి ర్యాంకు వచ్చింది. ఇక ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకోవాలి, అవే వెబ్ ఆప్షన్లు. కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) బ్రాంచే కావాలంటోంది. హైదరాబాద్ చుట్టుపక్కల నాలుగు కాలేజీల పేర్లు రాసుకుంది, వెళ్లి చూసొద్దామని ఒకటే పోరు. నాది కిరాణా కొట్టు, రెండు రోజులు మూసుకోవాలి. పోతే తెలిసేది ఏమన్నా ఉంటుందా?

లెక్కల మనిషి, మిర్యాలగూడ:
దండగే అన్నా. నిరుటి లాస్ట్ ర్యాంకులు కాలేజీవారీగా, కేటగిరీవారీగా నెట్లో ఉంటాయి. ఆ బ్రాంచికి ఎన్‌బీఏ అనే నాణ్యత గుర్తింపు ఉందో లేదో కూడా తెలుస్తుంది. మీకు నచ్చిన కాలేజీ ఎనిమిది వేల దగ్గరే ఆగిపోతే గేటు దాకా పోయి ఏం లాభం? పైగా లోపల ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, బీ కేటగిరీ సీటు అంటగడతారు. 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు నింపుకోవాలి కదా వాళ్లు.

పాలమూరు పిల్ల, బీటెక్ మూడో ఏడు:
ఆ ఏసీ గదిలో నేనూ కూర్చున్నా. బ్రోషర్‌లో ఉన్న ల్యాబ్ చూపించమన్నాం. సగం మానిటర్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. ఒకటి ఆన్ చెయ్యండి సార్ అంటే కరెంట్ లేదన్నాడు. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది!

ఇంకో చోట మా అమ్మ ఒక్కతే హాస్టల్ పైకి ఎక్కి చూసొచ్చింది. నల్లా దగ్గర పేర్లు రాసిన బక్కెట్లు వరసగా పెట్టి ఉన్నాయట. అంటే పొద్దున నీళ్లకు కొట్లాట ఉన్నట్టే. ఇది ఏ వెబ్‌సైట్లో రాస్తారు? ఆ రెండూ నా లిస్టులోంచి తీసేశా. ఖర్చంటారా, ఆధార్ చూపిస్తే ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఫ్రీ కదా, అమ్మకూ నాకూ జీరో టికెట్టే.

లెక్కల మనిషి, మిర్యాలగూడ:
సరే చెల్లీ, ల్యాబ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ముప్పై వేల ర్యాంకుకు వచ్చేవే కొన్ని. అన్నింట్లో బక్కెట్లే ఉంటే?

రిటైర్డ్ లెక్చరర్, దేవరకొండ:
ఇద్దరి మాటా సగం సగం నిజం. ముందు ర్యాంకుతో వడపోయండి, మిగిలిన మూడు నాలుగు చోట్లకే వెళ్లండి. ప్రతి కాలేజీ తన సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అని పెట్టాలి, అధ్యాపకుల పేర్లు అందులో ఉంటాయి. అది ప్రింట్ తీసి చేతిలో పట్టుకెళ్లండి. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ లెక్క ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాగితం మీది పేర్లలో ఎంతమంది స్టాఫ్ రూంలో కనిపిస్తారో చూడండి. తనిఖీలప్పుడు మాత్రమే కనిపించే పేర్లను నా సర్వీసులో చాలానే చూశాను.

క్లాసులు జరిగే రోజే, ఫోన్ చెయ్యకుండా వెళ్లండి. సెలవుల్లో పోతే తాళాలే. తిరిగొచ్చేటప్పుడు కాలేజీ బస్టాపులో అరగంట నిలబడి పిల్లల్ని కదిలించండి. ప్లేస్‌మెంట్లు ఎన్ని అని కాదు, మీ క్లాసులో ఎంతమందికి వచ్చాయి, ఎంత జీతానికి అని అడగండి. ఫ్లెక్సీ మీది పెద్ద ప్యాకేజీ ఒక్కడిదే అయ్యుండొచ్చు.

ఇంకోటి. ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 దాకానే. ఫీజు లక్ష ఉంటే మిగతాది మీ జేబులోంచే, నాలుగేళ్లు. దాని ముందు రెండు రోజుల గల్లా ఎంత?

లెక్కల మనిషి, మిర్యాలగూడ:
సార్ చెప్పినట్టు వడపోసి వెళ్తే నాకు అభ్యంతరం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వెంట తీసుకుపోకండి. సీటు బ్లాక్ చేస్తామని అడిగితే ఇవ్వబుద్ధవుతుంది.

నల్లగొండ నాన్న:
నాలుగులో ఒకటి లాస్ట్ ర్యాంకు దగ్గరే ఎగిరిపోయింది. మిగతా మూడింటికి గురువారం పొద్దున మొదటి బస్సుకు పోతున్నాం. కొట్టు మా తమ్ముడు చూసుకుంటాడు. హాస్టల్ పైకి ఎక్కే పని మా ఆవిడది.