‘తన ఇల్లు’ అంటే ఎవరి ఇల్లు?

ప్రశ్న: ‘రాజు మోహన్‌ని తన ఇంటి దగ్గర దించాడు.’ ఇల్లు రాజుదా, మోహన్‌దా? ప్రూఫు చూసిన ఇద్దరూ చెరో రకంగా చెబుతున్నారు.

జవాబు: రాజుదేనండీ. ‘తన’ పట్టుకునేది కర్తని, పక్కనున్న పేరుని కాదు. ఇల్లు మోహన్‌దైతే ‘అతని’ అనాలి. ‘రాజు మోహన్‌ని తన స్కూటర్ మీద అతని ఇంటి దగ్గర దించాడు’ అంటే బండి ఎవరిదో, ఇల్లు ఎవరిదో రెండూ తేలిపోతాయి. పై వాక్యంలో మూడో మగమనిషి కూడా ఉంటే మాత్రం ‘అతని’ అటు జారిపోతుంది. అప్పుడు మోహన్ పేరే మళ్ళీ రాయండి, తప్పేం లేదు.

మరొకరు: కర్త అనగానే ప్రథమా విభక్తిలో వెతకొద్దు. ‘రవికి తన ఊరంటే ఇష్టం’లో ‘తన’ రవిదే, ‘కి’ ఉన్నా సరే. ఇష్టపడేది అతనే కదా. ‘రవికి నేను తన పుస్తకం ఇచ్చాను’ అని నోటితో అంటాం గానీ, అక్కడ ఇచ్చింది నేను. రాతలో ‘అతని పుస్తకం’ నయం.

అసలు తిప్పలు ‘అని’ దగ్గర. ‘రవి తాను గెలిచానని చెప్పాడు’: గెలిచింది రవే. ‘తాను’ ఉన్నా క్రియ మాత్రం ‘నేను’కి వచ్చేదే వస్తుంది. బహువచనంలోనూ అంతే: ‘కార్మికులు తాము మోసపోయామని అన్నారు.’ గౌరవం కోసం ‘మంత్రి తాను వస్తారని చెప్పారు’ అని రాసేస్తుంటారు, అది పొసగదు. ‘వస్తానని చెప్పారు’ అనాలి. గౌరవమంతా చివరి ‘చెప్పారు’లో ఉంది, చాలు.

ఇంకొకరు: మాటల్లో ‘తను’ ఉత్త ‘ఆమె’, ‘అతను’ అయిపోయింది. ‘తను రేపు వస్తుంది’ అంటున్నాం. వాడుక స్థిరపడిపోయింది, దాన్ని తప్పనడం అనవసరం. కాకపోతే ‘సరళ తను వస్తుందని చెప్పింది’ అంటే వచ్చేది సరళో, ఇంకో అమ్మాయో తెలియదు. ‘వస్తానని’ అంటే సరళే. అసలు సర్వనామమే ఎత్తేసి ‘సరళ వస్తానంది’ అంటే ఇంకా హాయి.

ప్రశ్న: మరి ‘మంత్రి ఎమ్మెల్యేతో తన నియోజకవర్గ సమస్యలు చర్చించారు’?

జవాబు: అలా రాస్తే మంత్రి నియోజకవర్గమే. ఎమ్మెల్యేదైతే ‘ఆయన’ పెట్టినా చాలదు, ఇద్దరూ ‘ఆయన’లే. ‘ఎమ్మెల్యే నియోజకవర్గ సమస్యల మీద మంత్రి ఆయనతో చర్చించారు’ అని తిప్పి రాయండి.