టాపు దించేటప్పుడు వెనక ప్లాస్టిక్ అద్దం పాడవకుండా మీరేం చేస్తున్నారు?

కోటజంక్షన్_జిప్సీ (విజయనగరం):
అందరికీ నమస్కారం. పాత మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్‌టాప్ (మడిచే గుడ్డ టాపు) బండి, ఈమధ్యే నా చేతికొచ్చింది. ఇంజను బాగుంది, తుప్పు కూడా పెద్దగా లేదు. బాధల్లా వెనక అద్దంతోనే. గాజు కాదు కదా, ప్లాస్టిక్ షీటు. టాపు దించినప్పుడల్లా ఒకేచోట మడత పడిందేమో, ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లటి గీత తేలింది. ఒక మూల ఆ గీత చిట్లి వేలు దూరేంత సందు అయింది. రాత్రిపూట వెనకొచ్చే లారీ లైట్లు దానిమీద పడితే షీటంతా తెల్లగా వెలిగిపోతుంది, లోపలి అద్దంలో ఏమీ కనపడదు. పైడితల్లమ్మ పండగ లోపు కొత్త షీటు వేయించాలని చూస్తున్నాను. సాయంత్రాలు టాపు దించుకుని పూసపాటిరేగ మీదుగా చింతపల్లి బీచ్‌కి వెళ్లాలని పిల్లలు ఒకటే గొడవ. కొత్త షీటుకీ ఇదే గతి పట్టకుండా ఎలా దించాలి? సాఫ్ట్‌టాప్ బండ్లు వాడేవాళ్లు మీ పద్ధతి వివరంగా చెప్పండి.

బొబ్బిలి_540:
మాస్టారూ, ఆ గీత ఎలా పడిందో ముందు చూడండి. టాపు వెనక్కి వాలేటప్పుడు కమ్మీలు ఒకదాని మీదకి ఒకటి వచ్చి గుడ్డని మడతేస్తాయి. గుడ్డ ఎక్కడ మడతపడ్డా దానికి నష్టం లేదు. షీటు మాత్రం రెండు కమ్మీల మధ్య నలిగినచోట పదునైన మడత పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు దించినా అక్కడే పడుతుంది. కాబట్టి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. కమ్మీ కదిలే ముందే అద్దం టాపు నుంచి విడిపోవాలి. మడత ఎక్కడ పడాలో తేల్చే పని ఫ్రేముకి వదలకూడదు.

మాది మహీంద్రా ఎమ్మెమ్ 540. వెనక పరదాకి, అంటే అద్దం షీటు కుట్టి ఉన్న గుడ్డ భాగానికి, రెండు పక్కలా జిప్పు, కింద టిచ్ బటన్లు. మొదట ముందు అద్దం ఫ్రేము దగ్గరున్న కొక్కేలు వదులు చేస్తాను, దాంతో టాపు బిగుతు తగ్గుతుంది. తర్వాత కింది బటన్లు విప్పి, అప్పుడు జిప్పుల మీదికి వస్తాను. బిగుతు మీద ఉన్న జిప్పుని లాగితే పళ్లు పోతాయి. ఒక చేత్తో పరదా కింది అంచుని ఎత్తి పట్టుకుని రెండో చేత్తో జిప్పు తీయాలి. పరదా బరువంతా చివరి నాలుగు పళ్ల మీద వేలాడనివ్వకూడదు.

విడిగా వచ్చిన పరదాని మడతపెట్టను. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి బండిలోనే ఉంటుంది, దానికి పాత పంచె చుట్టి ఉంచాను. ఆ పైపు మీద పరదాని చాప చుట్టినట్టు వదులుగా చుట్టి, వెనక బెంచీల మధ్య పెడతాను. దానిమీద ఇంకేమీ పెట్టనివ్వను. చాలామంది పరదాని పైకి చుట్టి బెల్టుతో కట్టేసి వదిలేస్తారు. చుట్ట సన్నగా ఉండి బెల్టు బిగిస్తే, బెల్టు పట్టిన చోట నొక్కు పడి అలాగే ఉండిపోతుంది. పైపు ఎంత లావైతే అంత మంచిది.

డేఅండ్‌నైట్_రైడర్ (శ్రీకాకుళం):
బాగా ఎండలో పెట్టి షీటు మెత్తబడ్డాక దించమని మాకు తెలిసిన మెకానిక్ అంటాడు. మెత్తగా ఉంటే చిట్లదు కదా?

బొబ్బిలి_540:
చిట్లకపోవచ్చు. కానీ మెత్తబడ్డ షీటుకి ఏది తగిలితే దాని అచ్చు దిగుతుంది. రోహిణి ఎండల్లో మధ్యాహ్నం దించి చూడండి, మడతే కాదు, కింద ఉన్న టవలు పోగులతో సహా షీటు మీద కనిపిస్తాయి. చల్లారాక ఆ అచ్చు అలాగే గట్టిపడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. మన వైపు పొద్దున్న తొమ్మిది లోపు, లేదంటే సాయంత్రం నీడ పడ్డాక. వేసవిలో ఎండలో ఆగి ఉన్న బండైతే కాసేపు చెట్టు కిందకి తీసుకుపోయి, షీటు మీద చెయ్యి ఆనించి చూసుకోండి. చెయ్యి నిలవాలి.

రాజాం_టు_డల్లాస్:
చలి సంగతి నేను చెప్తాను. నాది మొదటి తరం మాజ్దా మియాటా, గుడ్డ టాపు కారు. 1989లో వచ్చిన ఆ తరానికి వెనక జిప్పుతో ఊడే ప్లాస్టిక్ అద్దమే ఉండేది. ఇక్కడ జనవరిలో చలి సున్నా దాకా దిగుతుంది. అలాంటి పొద్దున టాపు దించే ఆలోచనే పెట్టుకోం. కారణం ఏంటంటే ఈ షీటు వినైల్, అంటే పీవీసీనే. నీళ్ల పైపు పీవీసీ గట్టిగా ఉండి ఇది వంగుతోందంటే, ఇందులో మెత్తబరిచే రసాయనం కలిపారు కాబట్టి. ఎండకి ఏళ్ల తరబడి ఆ రసాయనం కొంచెంకొంచెంగా పోతుంది. షీటు పసుపెక్కి, బిగుసుకుని, కుంచించుకుపోతుంది. చలి తగిలితే కొత్త షీటు కూడా బిర్రబిగుస్తుంది, ఇక పాతదైతే చెప్పక్కర్లేదు. ఆ స్థితిలో మడిస్తే మడత దగ్గర ఫట్‌మని చీలుతుంది.

బొబ్బిలి గురువుగారు చెప్పినట్టే మా కార్లోనూ ముందు కొక్కేలు వదులు చేసి, తర్వాత జిప్పు తీసి, అద్దాన్ని వెనక చదునుగా పరిచి, అప్పుడే టాపు వెనక్కి వాలుస్తాం. అద్దం కింద ఒక మెత్తటి గుడ్డ, పైన ఒకటి. వాల్చిన టాపు గుడ్డ దానిమీద రుద్దుకోకూడదు. ఎక్కించేటప్పుడు టాపుని ముందుకి తెచ్చి, కొక్కేలు పెట్టకుండానే జిప్పు వేసేయాలి. కొక్కేలు చివర్న. ఈ వరస తప్పితే జిప్పు మీద భారం పడుతుంది.

పోర్షే బాక్‌స్టర్ కూడా ప్లాస్టిక్ అద్దంతోనే మొదలైంది, 2003 మోడల్‌కి గానీ గాజు రాలేదు. అందులో టాపుని మోటారు దించుతుంది. అద్దం విడిగా రాదు కాబట్టి చాలామంది స్విచ్‌ని సగంలో ఆపి, కారు దిగి, మడత సరిగ్గా మధ్యలో గుండ్రంగా వచ్చేట్టు చేత్తో సర్ది, అప్పుడు మిగతాది దించుతారు. జిప్పు లేని టాపు ఉన్నవాళ్లు ఎవరైనా ఇలాగే చేయాలి.

టెక్కలి_థార్:
నాది 2020 అక్టోబరులో వచ్చిన తరం థార్, మడిచే టాపు ఉన్నది. మడతల గురించి పెద్దలు చెప్పేశారు. నాకు మడత కంటే దుమ్ముతోనే ఎక్కువ పోరు. మాది గ్రానైటు క్వారీల ప్రాంతం. టెక్కలి బ్లూ రాయి పేరు వినే ఉంటారు, ఆ రాతి పొడి రోడ్డంతా ఉంటుంది. ఆ పొడి షీటు మీద ఉండగా టాపు దించితే, లోపల షీటూ గుడ్డా ఒరుసుకున్న ప్రతిసారీ గీతలే. బయటికి వెళ్లొచ్చాక చూస్తే సన్నటి గీతలు గుండ్రంగా, ముఖ్యంగా ఎండకి ఎదురుగా పెట్టినప్పుడు కనిపిస్తాయి.

అందుకని దించే ముందు తప్పకుండా కడుగుతాను. బకెట్టు నీళ్లు పైనుంచి ధారగా పోయాలి, పొడి గుడ్డతో మాత్రం తుడవకూడదు. పొడి గుడ్డతో తుడవడమంటే రాతి పొడిని షీటు మీద రుద్దడమే. నీళ్లతో దుమ్ము జారిపోయాక రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లతో, అరచేత్తోనే, పైనుంచి కిందకి. గుండ్రంగా తిప్పొద్దు. తర్వాత మెత్తటి నూలుగుడ్డని అద్ది తడి తీయాలి.

గుడ్డ విషయంలో ఒక మాట. గంజి పెట్టినది వద్దు. రంగు గుడ్డ, అచ్చుల చీర ముక్క వద్దు, ఆ రంగు షీటులోకి దిగితే ఇక పోదు. న్యూస్‌పేపరు అసలే వద్దు, వేడికి అక్షరాలు షీటుకి అంటుకుంటాయి.  మా ఇంట్లో మా తాతగారి పొందూరు పంచె పాతదొకటి ఉంది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. దాన్ని ముక్కలు చేసి బండిలో పెట్టుకున్నాను, ఇంతకంటే మంచిది దొరకదు.

పలాస_కొబ్బరితోట:
తడి మాట ఎవరూ ఎత్తలేదు. తడి టాపుని మడిచి వదిలేయకండి. 2018లో తిత్లీ తుపాను మా పలాస పక్కనే తీరం దాటింది. ఊళ్లో కరెంటు లేదు, రోడ్లు లేవు, బండి గురించి ఆలోచించే పరిస్థితి కాదు. మా బాబాయి జీపు టాపు తడిసినట్టే మడతలో ఉండిపోయింది. విప్పేసరికి షీటు పాలు పోసినట్టు తెల్లబడింది. ఎండ తగిలాక ఆ తెలుపు చాలావరకు పోయి తేటపడింది గానీ, కుట్టు వెంబడి నల్లటి బూజు చుక్కలు మాత్రం అలాగే మిగిలాయి. దారిలో వాన పడితే, ఇంటికి రాగానే టాపు ఎక్కించి ఆరనివ్వండి.

డేఅండ్‌నైట్_రైడర్:
కొబ్బరినూనె రాస్తే షీటు మెత్తగా ఉంటుందంటారు, నిజమేనా? మసక పోవడానికి టూత్‌పేస్టు రుద్దమని కూడా విన్నాను.

రాజాం_టు_డల్లాస్:
నూనె వద్దు. పోయిన రసాయనాన్ని నూనె తిరిగి తేలేదు, పైన జిడ్డుగా ఉండి దుమ్ముని పట్టుకుంటుంది. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు అసలే వద్దు, అవి ఉన్న మెత్తదనాన్ని లాగేస్తాయి. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్లు గాజుకే గానీ దీనికి పనికిరావు. టూత్‌పేస్టులో సన్నటి గరుకు పదార్థం ఉంటుంది కాబట్టి పైపై మసక కొంత తగ్గుతుంది. ప్లాస్టిక్ కోసమే అమ్మే పాలిష్ అయితే అదే పని ఇంకా మెత్తగా చేస్తుంది. పసుపుకీ, మడత గీతకీ మాత్రం ఏ పాలిషూ మందు కాదు.

సాలూరు_టాపులు:
బాబూ నమస్కారం. మేం లారీ టార్పాలిన్లు, జీపు టాపులు కుట్టేవాళ్లం. కోట జంక్షన్ బాబుకి కొత్త షీటు గురించి రెండు మాటలు.

షాపులో షీటు చుట్టగానే ఉంటాది, చుట్టగానే తెచ్చుకోవాల. కొందరు బైకు మీద ఎనక కట్టడానికి ఈజీ అని నాలుగు మడతలేసి తెస్తారు. అప్పుడు మేం కుట్టక ముందే మడత పడిపోయినట్టు. మందం ముప్పావు మిల్లీమీటరు ఉంటే చాలు, ఒక మిల్లీ అయితే గట్టిగుంటాది గానీ చుట్టడానికి మొండికేస్తాది. మీరు తరచూ దించేవాళ్లు కాబట్టి ముప్పావే తీసుకోండి. టేబుళ్ల మీద పరిచే షీటు చూడ్డానికి ఇలాగే ఉంటాది, దాంట్లోంచి చూస్తే దూరంగా ఉన్నది అలలు అలలుగా కనబడతాది, అది వద్దు. షీటు ఎత్తి పట్టుకుని, దాంట్లోంచి ఎదురు షాపు బోర్డు చదివి చూడండి. తేడా అక్కడే తెలుస్తాది.

కుట్టు దగ్గర దగ్గరగా ఉంటే గట్టిదని అనుకుంటారు. షీటుకి అది రివర్సు. కన్నాలు ఎక్కువైతే ఆ వరసలోనే చిరుగుతాది. కుట్టు దూరంగా, దారం పాలిస్టరు. షీటు అంచున గుడ్డ పట్టీ వేసి, పట్టీతో కలిపి కుట్టమని అడగండి.

కోటజంక్షన్_జిప్సీ:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంకో రెండు సందేహాలు. కొత్త షీటు మీద ఎండ ఆపడానికి నల్ల ఫిల్ము వేయించొచ్చా? డిసెంబరులో ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లాలని ఉంది, అక్కడ టాపు దించొచ్చా?

టెక్కలి_థార్:
ఫిల్ము వద్దు. ఆ జిగురు వినైల్‌కి పడదు, పైగా ఫిల్ము సాగదు, షీటు వంగిన ప్రతిసారీ ముడతలు లేస్తుంది. చట్టమూ ఒప్పుకోదు. 2012 ఏప్రిల్‌లోనే బండ్ల అద్దాలకి నల్ల ఫిల్ములు కూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వెనక అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలని నిబంధన. ఎండ నుంచి కాపాడాలంటే బండిని నీడలో పెట్టడం, లేదా వెనక షీటు మీద బయటి నుంచి తెల్ల నూలుగుడ్డ కప్పడం.

బొబ్బిలి_540:
అరకులో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పది డిగ్రీల కిందకి పోతుంది. మంచు చూడాలన్న ఉత్సాహంతో పొద్దున్నే టాపు దించేస్తారు చాలామంది, షీట్లు చిట్లేది అక్కడే. ఎస్.కోటలోనే, ఘాట్ ఎక్కక ముందు, పరదా విప్పి పైపుకి చుట్టేసుకోండి. పైన మళ్లీ వేయాలంటే ఎండెక్కాక వేయండి. ఒక్క పరదా తీసి, పై టాపు ఉంచి తిరిగినా గాలి బాగా ఆడుతుంది, పిల్లలకి అది చాలు.

కోటజంక్షన్_జిప్సీ:
అలాగే చేస్తాను. సాలూరు బాబాయ్, పాత పరదా విప్పి బస్సులో మీకు పంపిస్తే దాని కొలతకి కొత్తది కుట్టి పంపుతారా? జిప్పు కూడా ఒక పక్క పట్టేస్తోంది.

సాలూరు_టాపులు:
పరదా ఒక్కటే పంపొద్దు బాబూ. పాత షీటు కుంచించుకుపోయుంటాది, దాని కొలతకి కుడితే కొత్తది బిగుసుకుని మొదటి వారంలోనే జిప్పు లాగేస్తాది. టాపుతో సహా బండి తీసుకురండి, ఫ్రేము మీద బిగించి కొలత తీస్తాం. ఎండ ఉన్న రోజు చూసుకుని రండి, షీటు కొంచెం వెచ్చబడ్డాకే కత్తిరించాల. జిప్పుకి నూనె మాత్రం వేయకండి, ఇసక పట్టేస్తాది. పాత టూత్‌బ్రష్షుతో పళ్లు దులిపి, తెల్ల కొవ్వొత్తి రెండు వైపులా రుద్ది, నాలుగుసార్లు మెల్లగా ఆడించండి. అప్పటికీ పట్టేస్తే పళ్లు చూడండి, అవి బాగానే ఉంటే రన్నరు అరిగిపోయుంటాది. అలాగైతే రన్నరు ఒక్కటే మారుస్తాం, జిప్పంతా కొనక్కర్లేదు.