మూడోనాటి ఆదరణ కూటం: ఏడవొద్దనడం ఆదరణేనా?

రాయగడ సంఘపెద్ద: మన ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు క్రైస్తవ ఇళ్లలో సమాధైన మూడోరోజే ఆదరణ కూటం, అంటే ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన కూడిక, పెట్టేస్తున్నారు. షామియానా, మైకు, ముగ్గురు ప్రసంగీకులు, భోజనాలు. ముగ్గురూ చెప్పేది ఒకటే: ప్రభువు దగ్గరికెళ్లినవారి కోసం ఏడవకూడదు. ఇంటివాళ్లకి శాంతి వస్తోందా, నోరు మూతపడుతోందా?

పర్లాకిమిడి ఉపదేశి: మూడోరోజు ఊరికే పెట్టలేదండి. పార్వతీపురం నుంచో పలాస నుంచో వచ్చిన చుట్టాలు ఆ తర్వాత ఉండరు. ఇంకోటి, మనం కూడిక పెట్టకపోతే పదకొండో రోజు కర్మ చెయ్యమని బంధువుల ఒత్తిడి మొదలవుతుంది. ఇక ఏడుపు సంగతి, బైబిల్లో 1 థెస్సలొనీక 4:13 చూడండి. దుఃఖపడకుండు నిమిత్తమనే ఉంది.

జయపురం సిస్టర్: సగమే చదివారు అయ్యగారూ. "నిరీక్షణలేని ఇతరులవలె", అంటే ఆశ లేనివాళ్లలా, అన్న ముక్క వదిలేస్తే అర్థం తిరగబడుతుంది. చనిపోయిన లాజరును లేపుతానని ముందే తెలిసిన యేసే యోహాను 11:35లో కన్నీళ్లు విడిచాడు.

కూటం ఉండనివ్వండి, నలభై నిమిషాలు చాలు. 13వ కీర్తన చదవండి. ఆరే వచనాలు. మొదటి రెండూ "ఎన్నాళ్లవరకు" అన్న మొర, తర్వాతి రెండూ వేడుకోలు, నమ్మిక చివరి రెంటిలోనే. మనవాళ్లు తిన్నగా అయిదో వచనానికి దూకుతారు, అక్కడే చెడుతుంది. రెండో వచనం దగ్గర ఒక నిమిషం ఆగండి. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, మైకులో పాట ఎత్తుకోకండి. భర్త పోయినావిణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పమనకండి. ఒడియా చదువు రాని ముసలమ్మ ఉంటే వాక్యం తెలుగులోనే చదవాలి. పసిబిడ్డ పోయిన ఇంట్లో "దేవుడికి ఇష్టమై తీసుకున్నాడు" అనే మాట వద్దేవద్దు. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే తంటా.

గుణుపురం మాష్టారు: భోజనాల మాటెవరూ ఎత్తరేం? పొయ్యి వెలగని ఇల్లు రెండొందల మందికి వడ్డించడమేమిటి! 1 రాజులు 19లో చావాలనుకున్న ఏలీయా ప్రవక్తకి దేవదూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు, నిద్ర, మళ్లీ రొట్టె. సంఘంలో పది ఇళ్లు వంతులేసుకుని పదిరోజులు అన్నం, చారు పంపితే చాలు. ఒకరు మరణ నమోదు చూసుకోవాలి. 21 రోజుల్లోపు ఉచితం, దాటితే రుసుము, నెల దాటితే అనుమతుల కోసం తిరగాలి. పింఛనుకీ బ్యాంకుకీ ఆ కాగితమే కావాలి.

పర్లాకిమిడి ఉపదేశి: భోజనాల విషయంలో ఒప్పుకుంటున్నాను. మూడోరోజు మాత్రం మార్చను.

జయపురం సిస్టర్: మార్చొద్దు. నాలుగో రోజు నుంచి ఎవరూ గుమ్మం తొక్కకపోవడమే అసలు గొడవ. రెండో వారం, నలభయ్యో రోజు, తొలి క్రిస్మస్‌కి ముందు ఇద్దరేసి వెళ్లండి, పావుగంట కూర్చోండి. పోయినవారి పేరు పలకండి, పలికితే బాధ పెరుగుతుందని భయపడకండి. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, "నేనూ పోతే బాగుణ్ణు" అన్నా విశ్వాసం తక్కువని తేల్చెయ్యకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

రాయగడ సంఘపెద్ద: నలభై నిమిషాలంటే ముగ్గురు ప్రసంగీకుల్లో ఎవర్ని ఆపాలి?

గుణుపురం మాష్టారు: ఇద్దర్ని. మిగిలినాయనకి పది నిమిషాలు.