అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదు: బ్రాడ్‌వేలో ‘లయన్ కింగ్’ టికెట్లు కొనాలా, వద్దా?

ఎడిసన్‌వాసి:
జూన్ మొదటి వారంలో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి న్యూజెర్సీ వస్తున్నారు. నాన్నకు డెబ్బై రెండేళ్లు. అమ్మకు అరవై ఏడు, మోకాళ్ల నొప్పులు. మాకు ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. న్యూయార్కులోని బ్రాడ్‌వే నాటకశాలల్లో ఆడే ‘లయన్ కింగ్’ అనే సంగీత నాటకాన్ని బడిలో స్నేహితురాలు చూసి వచ్చి చెప్పినప్పటి నుంచి పాప దాని పాట పాడుతూనే ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్దామని నా కోరిక. కింది అంతస్తులో ఆరు సీట్లకు లెక్క వేస్తే వెయ్యి డాలర్లు దాటింది. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. “అత్తయ్యగారికీ మామయ్యగారికీ ఒక్క ముక్క అర్థం కాదు. రెండున్నర గంటలు చీకట్లో కూర్చోబెట్టే బదులు ఆ డబ్బుతో నయాగరా తీసుకెళ్దాం” అంటోంది. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి.

విశాఖ ఆడపడుచు:
మీ ఆవిడ మాటే వినండి. మూడేళ్ల కిందట మా అత్తమామలను ఇలాగే ఒక సంగీత నాటకానికి తీసుకెళ్లాం, ‘లయన్ కింగ్’ కాదు, వేరొకటి. హాలంతా నవ్వుతుంటే మామయ్యగారు మా ముఖాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వేవారు. నాకు అది చూసి కడుపులో దేవినట్టయింది. విరామంలో “ఇంకా ఎంతసేపమ్మా?” అని మెల్లగా అడిగారు. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్లకు దుకాణంలో మాట రాదు, పార్కులో మాట రాదు, మనవలు మాట్లాడేది కూడా సగమే తెలుస్తుంది. రోజంతా అలా గడిపేవాళ్లను డబ్బు పోసి మరో మాట రాని చోట కూర్చోబెట్టడం ఎందుకు? నయాగరాకు భాష అక్కర్లేదు.

పద్యప్రియుడు:
మామయ్యగారి సంగతి చదివి నాకూ బాధ కలిగింది. కానీ ఆ అనుభవాన్ని ఈ నాటకానికి అంటగట్టడం సరికాదు. మాటల మీద నడిచే నాటకాలు వేరు, కంటి మీద నడిచేవి వేరు. ఇది 1997 నుంచి ఆడుతోందంటే కారణం డైలాగులు కావు.

మొదటి పాట మొదలయ్యేదే జూలూ భాషలో ఒక పిలుపుతో. ఆ పిలుపు హాల్లో ఎంతమంది అమెరికన్లకు అర్థమవుతుంది చెప్పండి. నాటకం మొత్తంలో ఇంగ్లీషు కాక ఆరు ఆఫ్రికా భాషలు వినిపిస్తాయి. అంటే ఆ పిలుపు వినిపించేంతసేపు మీ నాన్నగారూ పక్క సీటులోని న్యూయార్కు ఆసామీ సరిసమానం.

ఆ పిలుపు అందుకుని జంతువులు రంగస్థలం మీదికి ఒక్కొక్కటే వస్తాయి. నాలుగు పొడుగుకాళ్ల మీద నడిచే జిరాఫీలు. ఒకే మనిషి తలపై ఒకటి, రెండు చేతులపై రెండు జింకలు, అడుగు వేస్తే మూడూ ఒక్కసారి గెంతుతాయి. ప్రేక్షకుల మధ్య దారిలోంచి, మన భుజం పక్కనుంచే ఏనుగు నడిచి వెళుతుంది. దాన్ని నలుగురు మనుషులు లోపల ఉండి నడిపిస్తారు. మిగతా చోట్ల చాలామంది తమను దాచుకోరు. ఆడించే మనిషీ కనిపిస్తాడు, జంతువూ కనిపిస్తుంది. సింహం రాజు కిరీటంలా తలపై ముఖం ధరించి ఉంటాడు. కోపం వచ్చి ముందుకు వంగితే ఆ ముఖం కిందికి దిగి మనిషి ముఖానికి అడ్డం వస్తుంది. రాజు చనిపోయాక ఆడ సింహాలు తమ కళ్లలోంచి పొడవాటి తెల్లటి గుడ్డ పట్టీలు లాగుతాయి. అదే ఏడుపు. దానికి ఏ భాషలో తర్జుమా కావాలి?

దర్శకురాలు జూలీ టేమర్ 1970లలో ఇండోనేషియాలో కొన్నేళ్లు ఉండి అక్కడి తోలుబొమ్మలు, ముసుగు నాటకాల మధ్య పనిచేసిన మనిషి. ఈ నాటకంలో తెర మీద నీడ బొమ్మలు కూడా ఉన్నాయి. 1998లో సంగీత నాటక దర్శకత్వానికి టోనీ (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద పురస్కారం) అందుకున్న తొలి మహిళ ఆవిడే. అనంతపురం వైపు నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఇదంతా పరాయి విద్యలా అనిపించదు.

పైగా మీ నాన్నగారిది తెనాలి అంటున్నారు. స్త్రీ వేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు వేషం కట్టిన నాటక సమాజం, రామవిలాస సభ ఊరది. మా తాతగారు సురభివారి ‘మాయాబజార్’ ఏడుసార్లు చూశారు, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్లే ఘట్టం కోసమే. నాటకమంటే ఏమిటో తెలిసిన తరాన్ని పట్టుకుని “వాళ్లకు అర్థం కాదు” అనడం నాకు నచ్చలేదు.

విశాఖ ఆడపడుచు:
‘మాయాబజార్’ వాళ్లకు పుట్టుకతో తెలిసిన కథ. శశిరేఖ ఎవరో, ఘటోత్కచుడు ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. లడ్డూలు ఎగిరితే నవ్వు వచ్చేది ఆ తినేది ఎవరో తెలుసు కాబట్టే. ఇక్కడ ఏ సింహం ఎవరికి ఏమవుతుందో తెలియకపోతే ఆ గుడ్డ పట్టీలు గుడ్డ పట్టీలే.

పద్యప్రియుడు:
ఆ మాటకు ఒప్పుకుంటున్నాను. కథ ముందే తెలియాలి.

లెక్కల టీచరు:
కథ తెలియడానికి తేలిక దారి ఉంది. ఇదే కథతో 2019లో వచ్చిన సినిమాకు తెలుగు డబ్బింగ్ ఉంది. కథానాయక సింహం సింబాకు నాని, ప్రతినాయకుడు స్కార్‌కు జగపతిబాబు, అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, దాని స్నేహితుడు టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. ఒక ఆదివారం తాతామనవలు కలిసి చూస్తే సరిపోతుంది. మా అమ్మకు అలాగే చూపించాం. హాల్లో ఆ అడవిపంది రాగానే “బ్రహ్మానందం వచ్చాడు” అని నా చెయ్యి గిల్లింది.

ఇక డబ్బు. టికెట్ ఎంతో పెద్దవాళ్లకు చెప్పకండి అని చాలామంది సలహా ఇస్తారు. నేను దానికి వ్యతిరేకం. మనం దాచినా వాళ్లు మనవరాలిని అడిగి తెలుసుకుంటారు. తెలిశాక డాలర్లను రూపాయల్లోకి మార్చి, “నా ఒక్కదాని సీటు డబ్బుతో మన వీధి చివరి పిల్లకు ఏడాది ఫీజు కట్టొచ్చు” అని నాటకమంతా అదే లెక్కలో కూర్చుంటారు. ముందే చెప్పండి. వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. ఇది వాళ్ల కోసమా, మన తృప్తి కోసమా అన్నది అప్పుడే తేలుతుంది.

మెట్రోపార్క్ రైలు:
చెప్పండి అనడం తేలిక. మా నాన్న జీవితంలో దేనికీ “సరే, నాకోసం కొను” అనలేదు. చెప్పులు కొనాలన్నా వద్దనేవారు. అడిగితే వద్దంటారని తెలిసి అడగడం, తీసుకెళ్లకుండా ఉండటానికి ఒక మర్యాద మాత్రమే. నేను అడగలేదు, తీసుకెళ్లాను. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ రోజు నాటకం అయ్యాక థియేటరు బయట 45వ వీధిలో నిలబడి “ఆ ఏనుగు కాళ్లు చూశావా” అని మూడుసార్లు అన్నారు. నాకు మిగిలినది అదే.

కాకపోతే నేను చేసిన తప్పులు మీరు చేయకండి. ఇండియా నుంచి దిగిన నాలుగో రోజే రాత్రి ఏడు గంటల ఆటకు తీసుకెళ్లాను. అప్పుడు మన ఊళ్లో తెల్లవారుజామున నాలుగున్నర. రెండో సగంలో పాపం తల వాల్చేశారు. కనీసం రెండు వారాలు ఆగి, పగటి ఆటకు వెళ్లండి. బుధవారం పగటి ఆట ఉన్న వారమైతే వారాంతం కంటే ధర తక్కువ పడవచ్చు.

ఈ నాటకం ఆడే మిన్‌స్కాఫ్ థియేటరులో హాలు నేలమట్టంలో లేదు. ఎస్కలేటర్ల మీద పైకి వెళ్లాలి. మా అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. వెనక జనం. తర్వాత తెలిసింది, సిబ్బందిని అడిగితే లిఫ్టు చూపిస్తారని. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి మీరు ముందే అడగండి. న్యూజెర్సీ రైలు దిగే పెన్ స్టేషన్ నుంచి థియేటరు పదకొండు వీధుల దూరం, నడిపించకండి, టాక్సీ ఎక్కండి. విరామం మొదలవగానే ఆడవాళ్ల మరుగుదొడ్డి ముందు వరుస కడతారు, అమ్మగారిని దీపాలు వెలగగానే లేపండి. లోపల చలి, శాలువా తప్పనిసరి. ఆలస్యంగా మాత్రం వెళ్లవద్దు. ఆ మొదటి పాట పోతే సగం డబ్బు పోయినట్టే.

లెక్కల టీచరు:
మీ నాన్నగారి మాట చదివాక నా వాదనను కొంచెం తగ్గించుకుంటున్నాను. అయినా ధర చెప్పాలనే అంటాను. ఖర్చు తగ్గే మార్గం ఒకటి: టికెట్లు థియేటరు కౌంటరులోనే కొంటే ఆన్‌లైన్ సేవా రుసుము మిగులుతుంది, ఆరు టికెట్లకు అది తక్కువేమీ కాదు. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింది రాయితీ కౌంటరును నమ్ముకోకండి, ఈ నాటకం అక్కడ దొరకడం అరుదు.

బాబు సంగతి ఎవరూ అడగలేదు. నిర్వాహకులే ఆరేళ్లు, ఆ పై పిల్లలకని సూచిస్తున్నారు. ఎంత చిన్నవాడికైనా విడిగా టికెట్ కొనాల్సిందే. కథలో గేదెల్లాంటి అడవి జంతువుల మంద ఒకటి రంగస్థలం వెనక నుంచి ముందుకు దూసుకువస్తుంటే నాలుగేళ్ల పిల్లవాడు జడుసుకోవచ్చు. వాడు ఏడిస్తే బయటికి ఎత్తుకెళ్లేది మీ అమ్మగారే అవుతారు. ఆవిడ నాటకం అక్కడితో సరి.

ఎడిసన్‌వాసి:
అందరికీ కృతజ్ఞతలు. విశాఖ ఆడపడుచు గారు చెప్పిన మామయ్యగారి నవ్వు మా ఆవిడకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే ఒక దారి చెప్పింది: బాబును తీసుకెళ్లవద్దు, వాడితో తను ఇంట్లో ఉంటుంది, పెద్దవాళ్లతో నేనూ పాపా వెళ్లాలి. ఆరు టికెట్లు నాలుగయ్యాయి. జూన్ చివరి బుధవారం పగటి ఆట. అమ్మ పక్కన నడిచే దారి ఉండేలా సీట్లు చూస్తున్నాను, ఏనుగు అటే వస్తుందన్నారు కదా.

నాన్నకు ఫోను చేసి ధర కూడా చెప్పాను. “అంతా?” అన్నారు. వద్దనలేదు. కాసేపాగి, “హార్మోనియం ఏ పక్కన పెడతారు?” అని అడిగారు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

పద్యప్రియుడు:
హార్మోనియం ఉండదని చెప్పండి. వాద్యబృందం ముందు గుంటలో కూర్చుంటుంది. కానీ డోళ్లు వాయించేవాళ్లు రంగస్థలానికి అటొకరు ఇటొకరు, పైన గూళ్లలాంటి చోట కనిపిస్తూనే ఉంటారు. మరీ పక్కకు ఉన్న సీట్లు తీసుకోకండి, ఒక వైపు వాద్యకారుడు కనబడకుండా పోతాడు. మీ నాన్నగారు చూసేది ముందు వాళ్లనే.