వైరస్ నిలవని సీడీ4 కణాలు కూడా ఎందుకు చనిపోతాయి?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, గుణుపురం (రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. సూరత్ మగ్గాల పని నుంచి తిరిగివచ్చిన మా బంధువుల అబ్బాయికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. అప్పటికే రోగనిరోధక శక్తిని నడిపించే సీడీ4 అనే తెల్ల రక్తకణాల సంఖ్య (ఘన మిల్లీమీటరు రక్తంలో) 180కి పడిపోయింది. వైద్యులు ఒడియాలో చెప్పిన మాటలను అతని తల్లికి తెలుగులో విడమరచి చెప్పే బాధ్యత నాది. వైరస్ కణంలోకి దూరి, అక్కడే పెరిగి, కణాన్ని చంపి బయటికి వస్తుందని సాధారణంగా చెబుతారు. అయితే రక్తంలోని సీడీ4 కణాలలో వైరస్ స్థిరపడినవి నూటికి ఒకటికి మించవని కూడా చదివాను. అంత తక్కువ కణాలకు సోకితే అన్ని కణాలు ఎలా నశిస్తున్నాయి? ఆ తల్లి అడిగిన ప్రశ్న కూడా దాదాపు ఇదే, కాబట్టి తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు, బ్రహ్మపురం

మాస్టారూ, మీరు పట్టుకున్న చిక్కు సరైనదే. దాన్ని విప్పాలంటే రెండు రకాల చావులను విడివిడిగా చూడాలి.

మొదటిది చురుకుగా విభజన చెందుతున్న కణాలది. వైరస్ కణం పొర మీద తాళంలా ఉండే సీడీ4 గ్రాహకాన్నీ, దాని పక్కనుండే సీసీఆర్5 లేదా సీఎక్స్‌సీఆర్4 అనే రెండో గ్రాహకాన్నీ పట్టుకొని లోపలికి ప్రవేశిస్తుంది, తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుంటుంది, ఆ డీఎన్‌ఏను కణం డీఎన్‌ఏలో అతికిస్తుంది. అలాంటి కణం కొత్త వైరస్‌లను విడుదల చేస్తూ ఒకటి రెండు రోజులకు మించి బతకదు. అది తనను తాను ముక్కలు చేసుకొని అణగిపోతుంది, లేదా సోకిన కణాలను వెతికి చంపే సీడీ8 అనే తెల్ల రక్తకణాలు దాన్ని చంపుతాయి. మనకు బాగా తెలిసిన చావు ఇదే అయినా, లింఫు గ్రంథులలో జరిగే నష్టంలో దీని వాటా చిన్నది.

అసలు నష్టం విశ్రాంతిగా ఉన్న సీడీ4 కణాలలో జరుగుతుంది. ఆ కణాలలో డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకు చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి, లోపలికి వెళ్ళిన వైరస్ తన డీఎన్‌ఏను సగంలోనే ఆపేయవలసి వస్తుంది. వైరస్ ఓడిపోయిందనే అనుకోవాలి, కానీ ఆ అరకొర పోగులను ఐఎఫ్‌ఐ16 అనే ప్రోటీన్ పసిగట్టి ప్రమాద సంకేతం ఇస్తుంది, దాంతో కాస్పేజ్-1 అనే ఎంజైము మేలుకొంటుంది, కణపు పొరకు రంధ్రాలు పడతాయి, కణం ఉబ్బి పగిలి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి వాపు రసాయనాలను చుట్టుపక్కలకు చిమ్ముతుంది. ఈ చావును పైరోప్టోసిస్ అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో వార్నర్ గ్రీన్ బృందం 2010లో, మళ్ళీ 2014లో టాన్సిల్ వంటి లింఫు కణజాలం మీద చేసిన ప్రయోగాలలో, చనిపోయిన సీడీ4 కణాలలో 95 శాతం దాకా ఇలా వైరస్ నిలదొక్కుకోలేకపోయినవేనని తేలింది. ఇది ప్రయోగశాలలోని కణజాలపు లెక్క కాబట్టి శరీరమంతటికీ అదే శాతాన్ని అంటగట్టకూడదు.

ఇంకొక మాట. ఆ వాపు రసాయనాలు కొత్త సీడీ4 కణాలను అక్కడికే రప్పిస్తాయి. పాక అంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తి వచ్చినవాళ్ళ బట్టలకే మంట అంటుకున్నట్టు, సాయానికి వచ్చిన కణాలే తరువాతి బలి అవుతాయి. ఆ తల్లికి ఇది చెబితే తేలికగా అర్థమవుతుందని నా నమ్మకం.

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, పర్లాకిమిడి

మాస్టారు గారూ, పైన రాసినదానికి ఒక్కటి కలుపుతాను. ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులో మేము తీసుకొనే రక్తం అసలు కథలో చాలా చిన్న భాగమే చెబుతుంది. శరీరంలోని లింఫోసైట్లలో (సీడీ4 కణాలు చేరే తెల్ల రక్తకణాల తెగ) సుమారు 2 శాతం మాత్రమే ఏ సమయంలోనైనా రక్తంలో తిరుగుతుంటాయి. మిగతావి లింఫు గ్రంథులలో, ప్లీహంలో, పేగుల గోడలలో ఉంటాయి. వైరస్ సోకిన మొదటి వారాలలోనే పేగులలోని సీడీ4 కణాలు పెద్ద సంఖ్యలో పోతాయి, ఎందుకంటే వాటిలో చాలావాటికి సీసీఆర్5 ఉంటుంది. పేగు గోడ అలా బలహీనపడ్డాక అక్కడి బ్యాక్టీరియా పదార్థాలు రక్తంలోకి జారి, రోగనిరోధక వ్యవస్థను ఏళ్ళ తరబడి రెచ్చగొడుతూనే ఉంటాయి. పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే కోతుల రక్తంలో హెచ్‌ఐవీకి దగ్గరి బంధువైన ఎస్‌ఐవీ అనే వైరస్ ఎక్కువగా ఉన్నా వాటికి సాధారణంగా ఎయిడ్స్ రాదు. వాటి శరీరంలో ఆ దీర్ఘకాలపు రెచ్చగొట్టడం లేకపోవడం ముఖ్య కారణమని భావిస్తారు.

జలుబు చేసినా, పరీక్ష వేళ మారినా సీడీ4 సంఖ్య కొంత అటూ ఇటూ అవుతుంది కాబట్టి, ఒక్క రిపోర్టు చూసి ఆ కుటుంబం బెంగపడనక్కరలేదు.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అబ్బాయి ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అణచిపెట్టేవి) క్రమంగా వాడుతున్నాడు, వైరల్ లోడు, అంటే రక్తంలోని వైరస్ పరిమాణం, పరీక్షలో కనిపించని స్థాయికి దిగింది. అయినా సీడీ4 సంఖ్య నెమ్మదిగానే పెరుగుతోంది. పూర్తిగా పెరిగాక మందులు ఆపవచ్చా అని కూడా తల్లి అడుగుతోంది.

జవాబు: ఏఆర్‌టీ కౌన్సిలర్, సిరొంచ (గడ్చిరోలి జిల్లా)

అన్నయ్య గారూ, మందులు కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతాయి, దాంతో మరణాలు తగ్గుతాయి. కానీ పోయిన కణాల స్థానంలో కొత్తవి రావడానికి కాలం పడుతుంది. ఎక్కువ కాలం వాపు ఉన్న లింఫు గ్రంథులలో మచ్చ కణజాలం పేరుకుపోతుంది, అక్కడ కణాలు నిలవడం కష్టమవుతుంది. 180 దగ్గర మొదలుపెట్టినవారిలో పెరుగుదల నెమ్మదిగా ఉండడానికి ఇదొక కారణం.

ఆపే విషయంలో జవాబు గట్టిగా చెప్పండి: ఆపకూడదు. సీడీ4 సంఖ్య 350 దాటినప్పుడు మందు ఆపి, 250కి దిగినప్పుడు మళ్ళీ మొదలుపెట్టే పద్ధతిని స్మార్ట్ అనే పెద్ద పరిశోధనలో పరీక్షించారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆపుతూ వాడినవారిలో జబ్బులూ మరణాలూ ఎక్కువయ్యాయి. నిద్రాణంగా దాగిన వైరస్ కొన్ని కణాలలో ఉండనే ఉంటుంది, మందు ఆపితే సాధారణంగా కొన్ని వారాలలోనే తిరిగి రక్తంలోకి వస్తుంది. డాక్టరు ఆపమనేదాకా, ఇతర సూక్ష్మజీవుల జబ్బులు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ బిళ్ళ కూడా వేసుకోమనండి. ఎన్ని రోజులదైనా సరే దగ్గు ఉన్నా, జ్వరం వస్తున్నా సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా క్షయ పరీక్ష చేయించాలని ఆ తల్లికి తప్పక చెప్పండి.