అసభ్యమా, అశ్లీలమా? ఒక టీవీ వార్త మీద చర్చ

మొదటి పోస్టు – కడప

మిత్రులారా, పోయిన ఆదివారం రాత్రి మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఉక్కపోత భరించలేక అందరం కూలరు ముందు చేరాం. అమ్మ చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. టీవీలో ఒక వార్తా ఛానల్ నడుస్తోంది. ఏదో వేడుక ప్రత్యక్ష ప్రసారంలో ఒక నటి పైట జారిందట. ఆ ఒక్క క్షణాన్ని కత్తిరించి, చుట్టూ ఎర్రటి వలయం గీసి, మధ్యలో గళ్ళుగళ్ళుగా మసక చేసి చూపిస్తున్నారు. అడుగున పరుగెత్తే అక్షరాలు: ‘లైవ్‌లో అశ్లీలం – భగ్గుమన్న జనం’. లెక్కపెట్టాను. అరగంటలో పదకొండు సార్లు చూపించారు.

రెండో తరగతి చదివే మా అన్న కూతురు, ‘జేజీ, ఆ గళ్ళ వెనక ఏముంది?’ అని అడిగింది. అమ్మ చేట పక్కన పెట్టి, లేచి వెళ్ళి, టీవీ స్విచ్చి కట్టేసింది. మళ్ళీ వచ్చి కూర్చుని పప్పు ఏరుకుంటూ ఒకే మాట అంది: ‘ఎవరికైనా పైట జారితే పక్కనున్నవాళ్ళు తువ్వాలు అడ్డం పడతారు. వీళ్ళు దీపం పట్టి చూపిస్తున్నారు.’

అప్పటి నుంచి ఆ ‘అశ్లీలం’ నన్ను వదలలేదు. మర్నాడు ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. నాకు తేలింది ఇది. ఆ వార్తలో పైట జారడాన్ని అశ్లీలం అనడం తప్పు. అశ్లీలం అక్కడ ఉంది, కానీ వేదిక మీద కాదు.

‘అసభ్యం’ సభలోంచి పుట్టిన మాట. సభలో తగినవాడు సభ్యుడు. ‘సభాయా యః’ అని పాణిని దీనికి ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. అసభ్యమంటే సభకు తగనిది. అంటే ఆ పనికి స్వతహాగా దోషం లేకపోవచ్చు. స్నానం తప్పు కాదు, నడివీధిలో చేస్తే అసభ్యం. పసిబిడ్డకు పాలివ్వడం ఎక్కడా తప్పు కాదు, దాన్ని దొంగచాటుగా ఫొటో తీయడం అసభ్యం. ఎవరి ముందు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి తెలియకుండా ఈ మాట వాడలేం.

‘అశ్లీలం’ దారి వేరు. దీని పాత రూపం ‘అశ్రీర’. ఋగ్వేదంలోనే ఉంది. శ్రీ లేనిది, శోభ లేనిది అని అర్థం. రకారం లకారమై ‘అశ్లీల’ అయింది. కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికులు దీన్ని కావ్యదోషాల్లో చేర్చారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో మూడు రకాల అశ్లీలాలు చెప్పాడు: వ్రీడ, అంటే సిగ్గు కలిగించేది, జుగుప్స, అంటే రోత పుట్టించేది, అమంగళం, అంటే కీడు స్ఫురింపజేసేది. చావును గుర్తుచేసే మాటను సందర్భం కాని చోట వాడినా అశ్లీలమే అన్నమాట! మనం మొదటి రకాన్ని ఉంచుకుని మిగిలిన రెండింటినీ మరచిపోయాం.

ఇంకొక్క సంగతి గమనించండి. వాళ్ళు దీన్ని పదదోషంగా, అంటే మాటకు అంటిన దోషంగా చెప్పిన చోట, దోషం వస్తువుది కాదు, చెప్పేవాడు ఎంచుకున్న మాటది. అదే సంగతిని మరొక మాటతో చెబితే దోషం పోతుంది. ఆ లెక్కన ఆదివారం రాత్రి ఆ నటి పైట జారడం ఒక ప్రమాదం. పదకొండు సార్లు, ఎర్ర వలయంతో, సంగీతం జోడించి చెప్పిన తీరు అశ్లీలం. సిగ్గు కన్నా రోత ఎక్కువగా ఉన్న అశ్లీలం.

పెద్దలు ఏమంటారు?

కర్నూలు నుంచి ఒక న్యాయవాది

మంచి చర్చ తెచ్చారన్నా. చట్టం మాట చెబుతాను. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియమాలు 1994లో వచ్చాయి. వాటిలో ఆరో నియమమే కార్యక్రమాల నియమావళి. మొదటి అంశం సదభిరుచికి, మర్యాదకు భంగం కలిగించే కార్యక్రమాల గురించి. అశ్లీలం ఆ తర్వాత వేరే అంశంలో వస్తుంది. పరువునష్టం, ద్వంద్వార్థాలు, అర్ధసత్యాలు కూడా అశ్లీలం ఉన్న ఆ అంశంలోనే ఉన్నాయి. చట్టం రాసినవాళ్ళు రెండింటినీ విడదీశారు, వార్తల డెస్కులో కూర్చున్నవాళ్ళు కలిపేశారు. మీరు చూసిన ఛానల్ చేసిన పని బహుశా రెండింటి కిందకీ వస్తుంది.

ప్రొద్దుటూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు

ఇలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు అమెరికాలో జరిగిన గాయని జానెట్ జాక్సన్ ఉదంతం గుర్తొస్తుంది. దాన్ని గురించి పెద్దగా తెలియని పిల్లల కోసం ఎవరైనా నాలుగు మాటలు రాస్తారా? ఆనాడు పుట్టిన ‘వార్డ్‌రోబ్ మాల్‌ఫంక్షన్’ అనే మాటకు తెలుగు ఏమిటని మా విద్యార్థి ఒకడు అడిగాడు. ‘దుస్తుల లోపం’ అని చెప్పి ఊరుకున్నాను, కానీ మనసుకు పట్టలేదు.

కడప (మొదటి పోస్టు రాసినవాడిని)

అక్కా, మీరు ఆ మాట ఎత్తడం మంచిదైంది. నేను చెప్పదలచుకున్నదంతా అందులో ఉంది.

2004 ఫిబ్రవరి 1న హ్యూస్టన్ నగరంలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ. సీబీఎస్ అనే టీవీ సంస్థ ప్రత్యక్ష ప్రసారం. అమెరికాలోనే దాదాపు 9 కోట్ల మంది చూస్తున్నారు. ఆట విరామంలో జానెట్ జాక్సన్, జస్టిన్ టింబర్‌లేక్ కలిసి పాడుతున్నారు. పాట చివర అతను ఆమె రవిక పైభాగాన్ని లాగాడు. ఆమె వక్షం ఒకటి బయటపడింది. అది తెర మీద ఉన్నది ఒక సెకనును 16 వంతులు చేస్తే అందులో 9 వంతులు. రెప్పపాటు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఆ సగం క్షణానికి దేశం అట్టుడికిపోయింది. ప్రసారాలను అదుపు చేసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు 5 లక్షల 40 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. అదే సమయంలో, తమ పెట్టెల్లో జనం వెనక్కి తిప్పి అన్నిటికన్నా ఎక్కువగా చూసుకున్న దృశ్యం ఇదేనని టివో అనే రికార్డింగ్ యంత్రాల కంపెనీ ప్రకటించింది. కమిషన్ 20 సీబీఎస్ స్టేషన్లకు ఒక్కోదానికి 27,500 డాలర్ల చొప్పున మొత్తం 5,50,000 డాలర్ల జరిమానా వేసింది. 2008లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. కేసు మళ్ళీ పైకి కిందికి తిరిగి, 2012లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనని చెప్పడంతో ముగిసింది. ఈలోగా 2006లో జరిమానా గరిష్ఠ పరిమితిని పది రెట్లు పెంచుతూ చట్టం కూడా వచ్చేసింది.

మన చర్చకు పనికొచ్చే సంగతి వినండి. అక్కడి చట్టంలో కూడా అశ్లీలం వేరు, అసభ్యం వేరు. అశ్లీలాన్ని ఏ వేళలోనూ ప్రసారం చేయకూడదు. అసభ్యాన్ని మాత్రం ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, అంటే పిల్లలు చూసే వేళల్లో, నిషేధించారు. సీబీఎస్ మీద వచ్చిన అభియోగం అసభ్యతే, అశ్లీలం కాదు. వేళను బట్టి, చూసేవాళ్ళను బట్టి మారేదాన్ని మన భాషలో చెప్పడానికి ‘అసభ్యం’ కన్నా సరిపోయే మాట ఏముంది? సభ అనేది మాట లోపలే ఉంది కదా! ఆ ఉదంతం మీద తెలుగులో నా కంటబడిన వ్యాసాలన్నిటిలోనూ ‘అశ్లీలం’ అనే రాశారు.

ఇక మీ విద్యార్థి ప్రశ్న. ‘వార్డ్‌రోబ్ మాల్‌ఫంక్షన్’ అన్నది ఆ రాత్రి క్షమాపణ ప్రకటనలో టింబర్‌లేక్ వాడిన మాట. ఆ తర్వాత నిఘంటువులకెక్కింది. బట్టల్లో ఏదో లోపం వచ్చిందట! యంత్రం చెడిపోయినట్టు. ఆ మాటలో మనిషి లేడు, చెయ్యి లేదు. ‘దుస్తుల లోపం’ అని మీరు చేసిన అనువాదం తప్పు కాదక్కా, మూలంలో ఉన్న దాటవేతను అది యథాతథంగా మోసుకొచ్చింది. మీ మనసుకు పట్టకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

తెలుగు క్రియలు ఇలాంటి చోట ఊరుకోవు. జారింది అంటే ఒకటి, జార్చాడు అంటే మరొకటి. చిరిగింది, చించాడు. తొలగింది, తొలగించాడు. ఊడింది, ఊడదీశాడు. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న మరుక్షణం చేసినవాడు వాక్యంలోకి వచ్చేస్తాడు, లేదా వెళ్ళిపోతాడు. ఆనాటి వార్తల్లో వెళ్ళిపోయాడు. సరిగ్గా వారానికి జరిగిన గ్రామీ సంగీత బహుమతుల వేడుకకు అతను వెళ్ళాడు, బహుమతులు తీసుకున్నాడు. ఆమె రాలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నింద ఆమె పేరు మీదే నడిచింది. అతను ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2021లో. పదిహేడేళ్ళు!

అనంతపురం నుంచి ఒక సభ్యుడు

అన్నా, ఒక అభ్యంతరం. లోపలి ఎర్ర లేసు పొర అలాగే ఉండవలసిందని, అది ఊడిరావడం అనుకోకుండా జరిగిందని వాళ్ళే చెప్పారు కదా. అలాంటప్పుడు ‘ఊడదీశాడు’ అంటే అతనికి లేని నేరం అంటగట్టినట్టు కాదా? ఆమెకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దబోయి అతనికి అన్యాయం చేయకూడదు.

కడప

మీరు చెప్పింది న్యాయం. నేను తొందరపడ్డాను. ‘ఊడదీశాడు’ తప్పే. ‘ఊడింది’ ఒక్కటే కూడా తప్పే. కానీ మనకు మూడో దారి ఉంది. ‘పై పొర లాగబోతే లోపలిది కూడా ఊడివచ్చింది.’ ఆ ‘లాగబోతే’లో చెయ్యీ ఉంది, ఉద్దేశమూ ఉంది. ‘ఊడివచ్చింది’లో ఉద్దేశం లేని ప్రమాదమూ ఉంది. చెంబు దించబోతే కాలు జారింది, దీపం ఆర్పబోతే చెయ్యి కాలింది అని మన ఇళ్ళలో రోజూ అనే వాక్యమే. ఒకటి చేయబోతే ఇంకొకటి జరగడాన్ని ఇంత సూటిగా, ఇంత నిష్పక్షపాతంగా చెప్పే ఏర్పాటు భాషలో ఉండగా ‘దుస్తుల లోపం’ అని గొంతు మార్చుకోవడం ఎందుకు?

కర్నూలు నుంచి న్యాయవాది

ఈ వాక్యాన్ని నేను వాదనల్లో వాడుకుంటాను. సాక్షుల వాంగ్మూలాలు తెలుగులో రాసుకునేటప్పుడు ఈ తేడా పోవడం వల్ల ఎన్ని కేసులు తారుమారవుతాయో మీకు చెప్పలేను.

పులివెందుల నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితుడు

నాయనా, సభ మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. కురుసభలో ద్రౌపది కొంగు పట్టి లాగినప్పుడు అసభ్యం ఎవరిది? ఆమెది కాదని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. లాగినవాడిది సరే, కళ్ళప్పగించి కూర్చున్న సభ్యులదీనని విదురుడు అక్కడే నిలదీశాడు. మీ అమ్మగారు తువ్వాలు అడ్డం పట్టాలన్నది ఆ మాటే. ఆమెకు నా నమస్కారం చెప్పు.

కడప

తప్పకుండా చెబుతానయ్యా.

అనంతపురం నుంచి మరొక సభ్యురాలు

నేను ఒక ఛానల్ డెస్కులో పనిచేస్తాను. కింద పరుగెత్తే వరస నాలాంటివాళ్ళే రాస్తారు. ‘అశ్లీలం’ అని రాస్తే చూసేవాళ్ళు ఆగుతారని మాకు నేర్పారు. రాత్రి బులెటిన్‌కు పది నిమిషాల ముందు నిఘంటువు తీసే తీరిక ఉండదు. మీరు తిట్టకుండా చెప్పండి, మీ ఇంట్లో చూసిన ఆ వార్తకు నేను ఏమని రాయాలి?

కడప

తల్లీ, తిట్టను. అడిగినందుకు సంతోషం. నేనైతే ‘వేదికపై జారిన పైట – సర్దుకుని పాట కొనసాగించిన నటి’ అని రాస్తాను. ఆ రాత్రి నిజంగా జరిగింది అదే. పదకొండు సార్లూ ముక్క అక్కడిదాకా రాకముందే కత్తిరించారు గానీ, తర్వాత పూర్తి వీడియో చూశాను. ఆమె రెండు చేతులతో పైట భుజం మీదికి లాక్కుని, పిన్ను పెట్టుకుని, తప్పిన చరణం మళ్ళీ ఎత్తుకుంది.