పాత సిటీ 1.5 వీటెక్‌కి టర్బోనా, సూపర్‌చార్జరా? చేతిలో ఉన్నది రెండు లక్షలు

సిటీ2002_హనుమకొండ
అందరికీ నమస్కారం. నాన్న కొన్న 2002 హోండా సిటీ 1.5 వీటెక్ ఇప్పుడు నా దగ్గరుంది. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ లెక్కలో 106 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). ఈ బండి అమ్మను, అందుకే దీన్నే 145 దాకా తీసుకెళ్లాలని ఎన్నేళ్లనుంచో కోరిక. రెండు లక్షలు పక్కన పెట్టాను. ఇక్కడ ఒక షెడ్‌లో టర్బో (ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసేది) వేయించుకోమంటున్నారు. ఫ్రెండేమో అదే పనిని ఇంజిన్ బెల్టుతో చేసే సూపర్‌చార్జర్ అయితే బెల్టు తగిలిస్తే చాలు, తలనొప్పి ఉండదంటున్నాడు. వేయించుకుని బాగున్నవాళ్లే కాదు, ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లు కూడా చెప్పండి.

ఆటోనగర్_రమణ
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా టర్బోలు విప్పి బిగిస్తున్నాను. నీకు షెడ్‌లో చూపించేది నూటికి తొంభై పాళ్లు డీజిల్ కారు టర్బోనే. స్క్రాప్‌లో చవగ్గా దొరికేది అదే. కానీ డీజిల్ పొగ వేడి వేరు, పెట్రోల్ పొగ వేడి వేరు. డీజిల్‌లో టర్బోకి తగిలేది 750, 800 డిగ్రీలైతే, పెట్రోల్ బండిని గట్టిగా తొక్కితే 950 దాటుతుంది. చిన్న డీజిల్ టర్బోల్లో చాలావాటికి నీళ్ల దారి ఉండదు, ఆయిలే చల్లబరచాలి. వేడి మీద బండి ఆపేస్తే ఆ ఆయిల్ బేరింగ్ దగ్గరే మాడి బొగ్గవుతుంది. లోపల రెక్కలు కదిలే వేరియబుల్ రకం అయితే అసలు ముట్టుకోకు, ఆ రెక్కలు పెట్రోల్ వేడికి పట్టేస్తాయి. నీళ్ల గొట్టాలు తగిలించే రెండు రంధ్రాలున్న పెట్రోల్ టర్బోనే వెతుక్కో.

కొనేముందు షాఫ్ట్ పట్టుకుని చూడు. పక్కకి రవ్వంత ఆడితే ఫర్వాలేదు, ఆయిల్ నిండాక సర్దుకుంటుంది. ముందుకీ వెనక్కీ ఆడిందంటే దాన్ని అటూ ఇటూ జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ అరిగిపోయింది. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

మియాటా_ఫ్రీమాంట్
నేను కాలిఫోర్నియాలో ఉంటాను. 1994 మాజ్డా మియాటా 1.8కి రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలిని తోసేది) సూపర్‌చార్జర్ కిట్ వేసుకుని ఆరేళ్లయింది. వేసిన రోజు నుంచి ఈ రోజు దాకా సంతోషమే. 2,500 ఆర్‌పీఎం నుంచే లాగుతుంది, పెడల్ ఎంత నొక్కితే అంత. ఎగ్జాస్ట్‌కి చెయ్యి పెట్టలేదు, ఆయిల్ లైన్ వేయలేదు. ఇద్దరం కలిసి రెండు వీకెండ్‌లలో బిగించేశాం.

అయితే నాకు కుదిరిన కారణం వేరు. ఆ కారుకి కొలతకు సరిపోయే కిట్ దొరికింది, దానికి కాలిఫోర్నియా కాలుష్య బోర్డు ఇచ్చే ఈవో నంబర్ కూడా ఉంది. స్మాగ్ చెక్‌లో (అక్కడి పొల్యూషన్ పరీక్ష) ఆ స్టిక్కర్ చూస్తారు. సిటీకి అలా రెడీమేడ్ కిట్ దొరక్కపోతే నా అనుభవం మీకు సగమే పనికొస్తుంది.

సిటీ2002_హనుమకొండ
థాంక్స్ అన్నా. ఢిల్లీలో ఒకాయన దగ్గర పాత మినీ కూపర్ ఎస్ నుంచి తీసిన ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్ ఉంది, 40 వేలు చెప్తున్నాడు. బ్రాకెట్ చేయించుకుని పెట్టేస్తే?

లేత్_శేఖర్
సైజు సరిపోతుంది. ఎం45 అంటే ఒక్క చుట్టుకి 45 క్యూబిక్ అంగుళాల గాలి, అంటే 737 సీసీ. మీ ఇంజిన్ ఒక చుట్టుకి 750 పీలుస్తుంది. 7 పీఎస్ఐ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడి మీద అదనపు ఒత్తిడి) రావాలంటే దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి ఇవ్వాలి, కాబట్టి పుల్లీ 1.5 నిష్పత్తిలో పెడితే చాలు.

చిక్కు వేరే చోట ఉంది. పుల్లీ వైపు నిలబడి చూస్తే మామూలు ఇంజిన్లు గడియారం ముల్లులా తిరుగుతాయి. మీ బండిలో ఉన్న పాత హోండా డి-సిరీస్ ఇంజిన్ దానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఈటన్‌ని అలా తిప్పితే గాలిని ఇంజిన్‌లోకి తోయదు, బయటికి లాగుతుంది. రెండు వైపులా గాడులున్న బెల్టు వేసి, దాని వీపుతో సూపర్‌చార్జర్‌ని తిప్పాలి. అప్పుడు పుల్లీకి బెల్టు పట్టు తగ్గుతుంది, జారకుండా ఐడ్లర్లు (బెల్టును నొక్కి పట్టే చిన్న పుల్లీలు) పెట్టాలి. మినీలో ఎం45 వెనక నుంచి నీళ్ల పంపు కూడా తిరుగుతుంది, ఆ గేరు ఏర్పాటు తీసి మూయాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కొత్తగా చేయాలి. నేను ఒక డి-సిరీస్‌కి ఈ పని మొదలుపెట్టి నాలుగు బ్రాకెట్లు మార్చాను. 5,000 దాటితే బెల్టు జారుతూనే ఉంది. చివరికి ఆ కస్టమర్‌కి అడ్వాన్స్ తిరిగిచ్చేశాను. మీ 40 వేలు అలా చిక్కుకుపోవడం నాకిష్టం లేదు.

వరంగల్_వంశీ
నా ఖర్చు ఉన్నదున్నట్టు పెడుతున్నా. బండి ఇదే, టర్బో. టర్బో 18 వేలు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, డౌన్‌పైప్ చేయించడానికి 35. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది), పైపులు 20. ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు 22. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్ 45. వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోల్ పాళ్లు చూపేది) 16. క్లచ్ 18. ట్యూనింగ్ 30. ఆయిల్ లైన్లు, గ్యాస్కెట్లు 12. మొత్తం 2,16,000. అందులో టర్బో పన్నెండో వంతు మాత్రమే. సూపర్‌చార్జర్ పెట్టినా ఇంజెక్టర్లు, ఈసీయూ, క్లచ్, ట్యూనింగ్ తప్పవు. "బెల్టు తగిలిస్తే చాలు" అన్న ఫ్రెండ్‌కి ఈ లిస్టు చూపించండి.

ఇంకో మాట. ఈ ఇంజిన్‌కి ఎగ్జాస్ట్ ముందువైపు, రేడియేటర్ పక్కనే ఉంటుంది. టర్బో అక్కడే కూర్చుంటుంది. హీట్ షీల్డ్ లేకుండా మొదటి ఎండాకాలం నడిపాను, ట్రాఫిక్‌లో ఏసీ చల్లగా రావడమే మానేసింది.

శ్రావణి_ట్యూనింగ్
బెంగళూరులో ట్యూనింగ్ చేస్తాను. ఏది పెట్టాలనేదానికన్నా మన ఎండలో గాలి ఎంత వేడెక్కుతుందో ముందు చూడండి. బయట 42 డిగ్రీలున్నప్పుడు 7 పీఎస్ఐకి గాలిని నొక్కితే మంచి టర్బో నుంచి సుమారు 95 డిగ్రీల గాలి బయటికొస్తుంది. పాత రకం రూట్స్ సూపర్‌చార్జర్ నుంచి 110 దగ్గర. టర్బోకి దారిలో ఇంటర్‌కూలర్ పెట్టడం తేలిక. మానిఫోల్డ్ మీద కూర్చునే రూట్స్‌కి కష్టం. ఆ వేడి గాలితోనే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ దానంతటదే పేలడం) మొదలవుతుంది.

కిందటి మే నెలలో ఒకబ్బాయి బండి నా దగ్గరికొచ్చింది. వేరే చోట స్టాక్ ఈసీయూ మీదే 6 పీఎస్ఐ పెట్టిచ్చారు. ఐదో గేర్‌లో ఎత్తు ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు శబ్దం వచ్చిందట, పాటలు పెద్దగా పెట్టుకుని వచ్చేశాడు. విప్పితే రెండో పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు విరిగిపోయి ఉంది. వేలితో తీస్తే ముక్క చేతికొచ్చింది. స్టాక్ ఈసీయూలో బూస్ట్ లెక్కే ఉండదు. బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోల్ పెంచాలి, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగాలి. 150 హార్స్‌పవర్‌కి ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 300 సీసీ పైనే పోయాలి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అయితే ఇథనాల్ కలవని పెట్రోల్ కన్నా దాదాపు 8 శాతం ఎక్కువ కావాలి. 2002 నాటి రబ్బరు గొట్టాలు కూడా మార్చేయండి, బూస్ట్ మీద అక్కడ పెట్రోల్ కారితే మంటలే.

డబ్బు తక్కువైతే స్పీడ్యునో లాంటి ఓపెన్ సోర్స్ ఈసీయూ వాడండి, ఇంటర్‌కూలర్ సెకండ్ హ్యాండ్ కొనండి. వైడ్‌బ్యాండ్, ట్యూనింగ్ మాత్రం తగ్గించకండి, ప్లీజ్.

మల్కాజిగిరి_కిషోర్
ఆర్సీ సంగతి ఎవరూ రాయలేదు. 2002 బండి కాబట్టి 2017లో, 2022లో రెన్యువల్ చేయించి ఉంటారు, మళ్లీ 2027లో ఇన్‌స్పెక్షన్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు ముందు బానెట్ తెరిపిస్తారు. రోజూ తిరగడానికే పవర్ కావాలంటే పాత పోలో జీటీ టీఎస్ఐ చూడండి. 105 పీఎస్, 175 ఎన్ఎం టార్క్, కంపెనీ టర్బో, ఆర్సీకి ఇబ్బంది లేదు. సిటీని సిటీలా ఉంచుకోవచ్చు.

సిటీ2002_హనుమకొండ
కిషోర్ గారూ, మీరన్నది ఆలోచిస్తున్నా. రోడ్డు మీద తిప్పకుండా ట్రాక్ రోజులకే ట్రైలర్ మీద తీసుకెళ్లాలా అని ఇంట్లో కూడా మాట్లాడాను. ఎం45 మాత్రం వద్దనుకున్నా, శేఖర్ అన్న పోస్టు చదివాక ఢిల్లీ ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను.

ఆటోనగర్_రమణ
మంచి పని. ముందు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసేది) చేయించు తమ్ముడూ. బండి వేడిగా ఉండగా, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పెట్టి. నాలుగింటి మధ్య తేడా పది శాతం దాటకూడదు.

సిటీ2002_హనుమకొండ
ఇవాళ చేయించాను. సిలిండర్ల వారీగా ఒకటి 176 పీఎస్ఐ, రెండు 172, మూడు 138, నాలుగు 174. మూడోదాంట్లో రెండు చుక్కలు ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూస్తే 165కి ఎక్కింది.

ఆటోనగర్_రమణ
ఆయిల్‌కి ఎక్కిందంటే పోయింది వాల్వులు కాదు, పిస్టన్ రింగులు. ఆ మూడోదాని మీద 7 పీఎస్ఐ పెట్టి ఉంటే నెల తిరక్కుండా షెడ్‌కొచ్చేది. టర్బో డబ్బులు అలాగే ఉంచు. హెడ్ దించి బోర్ కొలిపించు, గీతలుంటే ఫొటో పెట్టు.

సిటీ2002_హనుమకొండ
ఆదివారం హెడ్ దించుతున్నాం అన్నా. నాన్న కూడా వస్తానన్నారు. సాయంత్రానికి ఫొటోలు పెడతాను.